మూడో అంతస్తు నుంచి సాగనంపడం

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, షెఫీల్డ్‌కు రైల్లో గంట దూరంలో, ఒక కొండల పట్టణంలో నేను కొన్నేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పాను. ఆ ఊళ్ళో చదునైన వీధి వెతికినా దొరకదు. రొట్టె కొనుక్కోవాలన్నా ఎక్కాలి, లేదా దిగాలి. నేను చెప్పబోయే మనిషి ఆ ఊళ్ళోనే, లిఫ్టు లేని ఒక పాత భవనంలో, మూడో అంతస్తులో అద్దెకుండేవాడు. కడప జిల్లావాడు. డేటాబేసులు రాసే ఉద్యోగం. భార్య ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో వంటపని చేసేది. పిల్లలు లేరు. బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చిన కొద్ది నెలలకే, ఇంకా నలభై నిండకముందే, అతనికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ మాత్రం సగమే తిరిగొచ్చాయి.

ఆ తర్వాత అతను నేలమీదికి దిగింది ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లోనే. ఇద్దరు అంబులెన్సు మనుషులు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, మలుపు మలుపుకీ ఆగుతూ దింపేవాళ్ళు. మిగతా రోజుల్లో ఒక కిటికీ. అందులోంచి కనిపించేది ఎదుటి భవనం పైకప్పు.

"బయటంటే నాకిప్పుడు ఆ పెంకులేన్నా," అన్నాడొకసారి నాతో. "యా పెంకు పగిలిందో, యాడ నాచు పట్టిందో నిద్దట్లో అడిగినా చెప్తా."

అతనికి కావలసింది నేలమీద ఒక ఇల్లు. తలుపు తీసుకుని, ఎవరూ మోయకుండా, తనంతట తాను బయటికి రాగల ఇల్లు. వాళ్ళు ఇవ్వగలిగిన అద్దెలో ప్రైవేటు యజమానుల దగ్గర అలాంటిది లేదు. మిగిలింది కౌన్సిల్, అంటే తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే స్థానిక ప్రభుత్వం, ఒక్కటే.

ఈ మాట మొదటిసారి బయటపడింది ఒక ఉగాది విందులో. అతను రాలేదు, రాలేడు. అతని భార్య పులిహోర గిన్నె పట్టుకుని వచ్చి, కౌన్సిల్ ఇంటికి దరఖాస్తు ఎలా పెట్టాలో ఎవరికైనా తెలుసా అని అడిగింది. మనవాళ్ళు కుల భోజనాలు వదిలేసి వచ్చామని చెప్పుకుంటారు గానీ, ఇక్కడ ఇంటికొక కులం కట్టిపెట్టుకున్నారు. సొంత ఇల్లున్నవాళ్ళు పైన, అద్దెవాళ్ళు కింద, కౌన్సిల్ ఇంటివాళ్ళు ఊరి బయట.

నార్తాంప్టన్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి గొంతు తగ్గించి, "అదేంటండీ, మన తెలుగువాళ్ళు కౌన్సిల్ ఇంటికి వెళ్ళడమేంటి? రేపు ఆయన ఆఫీసులో తెలిస్తే ఎంత నామోషీ!" అన్నాడు.

"తెలిస్తే ఏమవుతుంది? మీ మార్ట్‌గేజీ వడ్డీ పెరుగుతుందా?" అన్నాను.

ఆయన భార్య సర్దిచెప్పబోయింది. "అది కాదన్నయ్యగారూ. ఆయన జాతకంలో శని ఉన్నాడట. ఇంకో ఏడాది ఆగితే దిగిపోతాడంటున్నారు."

"శని దిగుతాడు సరేనమ్మా, ఈయనెలా దిగుతాడు? మూడంతస్తులు!"

ఎవరో నవ్వారు. పులిహోర తెచ్చినామె నవ్వలేదు. గిన్నె తీసుకుని ముందే వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళి దరఖాస్తు పెట్టించాను.

నేను ఉత్సాహంగానే వెళ్ళాను. దానికి కారణం ఉంది. నా యవ్వనం తెనాలిలో చర్చా సభల్లో గడిచింది. సాయంత్రం మొదలుపెడితే కిరసనాయిలు అయ్యేదాకా వాదించుకునేవాళ్ళం. దేవుడి మీద, పెళ్ళి తంతు మీద, వారసత్వపు ఉద్యోగాల మీద ఎన్ని వాదించినా చివరికి తేలేది ఒకటే: మనిషికి దక్కవలసింది ఎవరి దయ మీదా, ఎవరి సిఫారసు మీదా ఆధారపడకూడదు. నియమం రాసి గోడకు అంటించాలి. అది అందరికీ ఒకటే కావాలి.

ఆ కౌన్సిల్ అప్పుడే తెచ్చిన పద్ధతి నాకు సరిగ్గా అలాంటిదిగా కనిపించింది. అంతకుముందు ఒక అధికారి ఫైలు చూసి ఈ ఇల్లు ఈ కుటుంబానికి అని తేల్చేవాడు. వద్దంటే వరుసలో వెనక్కి పోవలసిందే. కొత్త పద్ధతిలో ఖాళీ అయిన ఇళ్ళన్నీ ప్రతి గురువారం ఒక పలచటి పత్రికలో వేసి లైబ్రరీలో ఉచితంగా పెట్టేవాళ్ళు. ఇంటింటికీ ఒక చిన్న ఫోటో, పడకగదులెన్ని, ఏ అంతస్తు, మెట్లున్నాయా అనే వివరం. కావలసినదానికి సోమవారంలోగా ఫోన్ చేసి బిడ్ పెట్టాలి. పేరు వేలంపాటదే అయినా డబ్బు ప్రసక్తి లేదు. ఈ ఇల్లు నాకు కావాలని చెయ్యెత్తడం, అంతే. చెయ్యెత్తినవాళ్ళలో, అవసరాన్నిబట్టి వేసిన బ్యాండుల్లో, అంటే తరగతుల్లో, పైన ఉన్నవాళ్ళకు ముందు. ఒకే బ్యాండులో ఇద్దరుంటే ముందుగా నమోదైనవాళ్ళకు. ఏ ఇంటికి ఎంతమంది చెయ్యెత్తారో, అది ఏ బ్యాండులో ఎప్పటినుంచి ఉన్నవాళ్ళకు దక్కిందో మరో వారం పత్రికలో అచ్చవుతుంది. పేర్లుండవు. దాపరికం లేదు, సిఫారసు లేదు, మతం అడిగేవాడు లేడు.

ఇదంతా అతని మంచం పక్కన కూర్చుని ఉపన్యాసంలా చెప్పాను. అతను ఓపిగ్గా విని, "సార్ట్ బై బ్యాండ్, దాని తర్వాత డేట్. ఇంతే కదన్నా. కాఫీ సల్లారేలోపల రాసిచ్చేవాణ్ణి," అన్నాడు.

"మరి ఆ కోడు నమ్ముతావా?"

"కోడుకేందన్నా, బంగారం. లోపలికి యా డేటా పోతాదో అది సూడాల."

అతని బ్యాండు తేల్చడానికి కౌన్సిల్ తరఫున ఆరోగ్య పరిస్థితి చూసే అధికారిణి ఇంటికి వస్తుందని ఉత్తరం వచ్చింది. ఆ రోజు నాకు క్లాసులున్నాయి. ముగించుకుని వాళ్ళ భవనం దగ్గరికి చేరేసరికి ఒక చిన్న కారు కదులుతోంది. లోపల నడివయసు ఇంగ్లీషావిడ, మంచి మనిషి ముఖం, చెయ్యూపుతూ నవ్వుతోంది. ఎవరికి ఊపుతోందా అని తిరిగి చూశాను. భవనం వీధి తలుపు దగ్గర అతను నిలబడి ఉన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. కుడి చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుని ఉంది. ముఖం బూడిద రంగుకి తిరిగింది, అయినా నవ్వు చెదరలేదు. కారు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. తిరగగానే మోకాలు మడతపడింది. వెనక నుంచి భార్య పట్టుకుంది, ముందు నుంచి నేను పట్టుకున్నాను.

జరిగింది ఆమె చెప్పింది. పొద్దున్నుంచి ఇల్లంతా తుడిచారు. అతని మంచం పక్కనుండే గిన్నెలు, డబ్బాలు, పట్టుకుని నడిచే ఫ్రేము, అన్నీ వెనక గదిలో పెట్టేశారు. వచ్చేది అతిథి కదా. ఆవిడ లోపలికి రాగానే అతను లేచి నిలబడ్డాడు. లేవొద్దు, కూర్చోండి అని ఆవిడ అంది. మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళు అలాగే అంటారు. వాళ్ళు వద్దన్నకొద్దీ ఇంటివాళ్ళు ఇంకా గట్టిగా మర్యాద చేస్తారు. ఆవిడ మాత్రం నిజంగానే కూర్చోమంది. ఇంట్లో ఎలా గడుస్తోందని అడిగితే, "మేనేజ్ చేస్తాండాం మేడం, థాంక్స్," అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. కాఫీ ఇచ్చారు, మురుకులిచ్చారు. వెళ్తానని లేస్తే అతనూ లేచి వెంట వెళ్ళాడు. తలుపు దాకా అనుకుంది ఆమె. అతను మెట్ల దాకా వెళ్ళాడు. మెట్ల దగ్గర ఆవిడ మళ్ళీ వద్దంది. అతను కడ్డీ పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.

"నేను సైగలు చేస్తానే ఉండాను అన్నా," అంది ఆమె. "ఈయప్ప సూడందే! ఆడమనిషిని ఒక్కదాన్నే మెట్లు దిగనిస్తామా అంటాడు. ఆమె దిగగలదు, నువ్వేగదా దిగలేంది!"

అతను కింది మెట్టు మీద కూర్చుని రొప్పుతున్నాడు. "ఇంటికొచ్చిన మనిషిని సాగనంపకపోతే ఎట్ల?" అన్నాడు.

దిగడం ఆవిడ చూసింది. ఎక్కడం మేమిద్దరమే చూశాం. నిలబడి ఎక్కలేకపోయాడు. వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ, కుడి కాలితో తన్నుకుంటూ పైకి జరిగాడు. నేను చంకల కింద చేతులు పెట్టి లాగాను, ఆమె ఎడమ కాలు ఎత్తి పెట్టింది. రెండో అంతస్తులో ఉండే కుర్రజంట మమ్మల్ని దాటుకుంటూ దిగి, సారీ చెప్పి వెళ్ళారు. వేసుకున్న ఇస్త్రీ చొక్కా గోడ సున్నంతో తెల్లబడింది. తలుపు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. చేతికడ్డీ సాయంతో మెట్లు దిగగలుగుతున్నారు, ఇంట్లో వ్యవహారాలు బాగా నెట్టుకొస్తున్నారు అని మర్యాదగా రాశారు. కింది నుంచి రెండో బ్యాండు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా జీవితంలో నేను కోరుకున్న అధికారి అలాంటివాడే: కళ్ళతో చూసింది రాసేవాడు, ఊహించింది రాయనివాడు. ఆ ఉత్తరాన్ని ఏ వాదంతో కొట్టాలో తెలియక రెండు మూడు రోజులు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను.

తర్వాత గురువారాలు మొదలయ్యాయి. నేను లైబ్రరీలో పత్రిక తీసుకుని సాయంత్రం వెళ్ళేవాణ్ణి. అతను కుడి చేత్తో పేజీలు తిప్పి నేల అంతస్తువి గుర్తుపెట్టేవాడు. ఇది బస్టాపు దగ్గర, ఇక్కడ ముందు కాస్త పచ్చిక ఉంది, ఇక్కడ తలుపు రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. మొదట్లో ఇద్దరూ ఆ ఇళ్ళల్లో కాపురాలు పెట్టేసేవాళ్ళు. సోఫా ఎక్కడ, బియ్యం డ్రమ్ము ఎక్కడ. ఆమె అక్క ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసి మంగళవారం బిడ్ పెట్టొద్దని చెప్పింది. సోమవారంతోనే గడువు అయిపోతుంది కాబట్టి ఆ గొడవ లేకుండా పోయింది. హనుమంతుడికి ఆకుపూజ చేయిస్తానని కూడా అంది.

"చేయించమనమ్మా," అన్నాను. "కాకపోతే ఆ వరుసలో హనుమంతుడికి బ్యాండు లేదు."

"నువ్వూరుకోన్నా, ఉన్న ఒక్క దారీ మూస్తావు," అంది ఆమె.

మరుసటి పత్రికలో ఫలితాలు. మేము అడిగిన ఇల్లు పై బ్యాండుకు పోయింది. మళ్ళీ అడిగాం, మళ్ళీ పై బ్యాండుకే పోయింది. ఊళ్ళో నేలమీది ఇళ్ళు ఖాళీ అయ్యేదే అరుదు. అయినవన్నీ కాళ్ళు లేనివాళ్ళకు, ఊపిరి అందనివాళ్ళకు, భర్త కొడితే పారిపోయి వచ్చినవాళ్ళకు పోయేవి. పోకూడదని ఎలా అంటాం? పద్ధతి తప్పు పట్టడానికి దొరకదు. అదే నన్ను తినేసేది. తెనాలిలో మాకు ఎప్పుడూ ఎదురుగా ఒక దుర్మార్గుడు ఉండేవాడు, వాదన వాడి మీదికి విసిరేవాళ్ళం. ఇక్కడ విసరడానికి మనిషి లేడు. ఇళ్ళు అమ్మేసి, కొత్తవి కట్టడం మానేసిన ప్రభుత్వాలున్నాయి గానీ, అవి ఆ పత్రికలో ఎక్కడా కనిపించవు. ఉన్న పది రొట్టెముక్కల్ని వందమందికి ఎంత న్యాయంగా పంచినా తొంభైమంది ఆకలితోనే లేస్తారు. వాళ్ళ చేత ఏ ముక్క కావాలో ఎంచుకోమని చెప్పి, దానికి ఎంపిక అని పేరు పెట్టారు.

రెండు శీతాకాలాలు గడిచాయి. అతను గుర్తులు పెట్టడం తగ్గించాడు. నడకా తగ్గింది. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు, బయట నడిస్తేనే కాలు బాగుపడుతుందని ప్రతిసారీ చెప్పేది. ఆమే చివరికి మళ్ళీ పరీక్ష కోరమని సలహా ఇచ్చి, వాళ్ళ జీపీ డాక్టరు చేత ఉత్తరం రాయించింది. రెండోసారి చూడటానికి కౌన్సిల్ ఒప్పుకుంది.

అసలు వాదన అప్పుడు జరిగింది, నాకూ అతనికీ.

"ఈసారి లేవకూడదు," అన్నాను. "ఆవిడ వచ్చినా లేవకూడదు, వెళ్ళినా లేవకూడదు."

"నాటకమాడమంటావా?"

"ఆ రోజు ఆడావే, అదీ నాటకం. గిన్నెలు దాచి, ఫ్రేము దాచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఈసారి ఉన్నది ఉన్నట్టు చూపించు."

"ఉన్నదాంట్లో అదీ ఉండాదిగదన్నా. కష్టపడితే లేయగలను. లేయగలిగీ కూచోనుంటే అది అబద్ధం కాదా? నువ్వు నిజం నిజం అని గొంతు సించుకునే మనిషివి."

నాకు కోపం వచ్చింది. "ఒక్కసారి లేచినందుకు ఎన్ని రోజులు మంచం దిగలేదో అదీ నిజమే! ఆవిడ కాగితం మీద అది పడాలా వద్దా?"

ఆమె వంటగదిలోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. "ఇద్దరూ నోర్మూసుకోండి," అంది. తర్వాత అతనితో, "నువ్వు లేసినావంటే నేను మెట్లమీంద నుంచి దూకుతా. అదీ నిజమే," అంది. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఈసారి వచ్చింది చిన్న వయసు అమ్మాయి. నేనూ అక్కడే ఉన్నాను. అతను పాత బనీనుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మాయి లోపలికి వస్తుంటే అతని కుడి చెయ్యి కుర్చీ చేతిని నొక్కింది. ఒళ్ళు ముందుకు వంగింది. భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను వెనక్కి వాలాడు.

ఆ అమ్మాయి తన పని బాగా చేసింది. పడకేదో చూసింది, ఫ్రేము చూసింది. స్నానం ఎవరు చేయిస్తారు? నేను. టాయ్‌లెట్టుకి? ఫ్రేముతో పోతాడు, నేనుంటే నేను పట్టుకుంటా. మీరు పనికి వెళ్ళినప్పుడు? మంచం పక్కన పెట్టి వెళ్ళే ఒక సీసా సంగతి ఆమె చెప్పింది. నా ముందు చెప్పింది. అతను పెంకుల వైపు చూస్తూ కూర్చున్నాడు. అవసరాన్ని బట్టి పంచాలనే నియమాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. కానీ అవసరం అనేదాన్ని రుజువు చేయడమంటే ఒక మనిషి బనీను, సీసా, భార్య నోటిమాట బల్లమీద పరచడమని ఏ సభలోనూ మాలో ఒక్కడూ అనలేదు.

అమ్మాయి లేచింది. అతను కూర్చునే, "సారీ, ఐ కాన్ట్ కమ్ టు ద డోర్," అన్నాడు.

"డోన్ట్ బి డాఫ్ట్, లవ్," అని, పిచ్చిమాటలొద్దన్నట్టు నవ్వి, తనే తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు కింది దాకా వినిపించింది. అతను మొత్తం విన్నాడు.

పై బ్యాండు ఇచ్చారు. దానికి గడువుంది. కొన్ని నెలల్లోపల బిడ్ పెట్టి ఇల్లు దక్కించుకోకపోతే కౌన్సిల్ తానే ఒకటి చూపిస్తుంది. అదీ వద్దంటే బ్యాండు పోతుంది. మొదట బస్టాపు పక్కనున్న ఒక ఇంటికి చెయ్యెత్తాం. అదే బ్యాండులో మాకంటే ముందు నమోదైన ఎవరికో పోయింది. ఇంకోటి అడిగాం, అదీ పోయింది. గడువు దగ్గరపడ్డాక ఊరికి అవతలి కొసన, లోయ అడుగున ఉన్న ఒక బంగళా దక్కింది. ఆ దేశంలో బంగళా అంటే మేడ లేని చిన్న ఇల్లు. ప్రొద్దుటూరు అక్క మాత్రం ఆ మాట విని ఊరంతా చెప్పిందట.

తలుపు ముందు మెట్లు లేవు, వాలుగా సిమెంటు దారి ఉంది. స్నానాల గదికి కడ్డీలున్నాయి. చెమ్మ లేదు. ఇల్లుగా దానికి వంక పెట్టలేం. కాకపోతే ఆమె తెల్లవారుజాము డ్యూటీకి అక్కణ్ణుంచి బస్సు లేదు. డ్యూటీ వేళలు మార్చమని అడిగింది, మార్చలేదు, పని వదిలేసింది. మూడో అంతస్తులో ఉన్నప్పుడు కాలేజీ నుంచి నడిచి వెళ్ళేవాణ్ణి కాబట్టి వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. నెలకోసారి కూడా కుదిరేది కాదు.

వసంతంలో ఒక గురువారం వెళ్ళాను. అతను బయటే ఉన్నాడు. చక్రాల కుర్చీలో, కాళ్ళమీద దుప్పటితో, ఇంటిముందు దారి చివర. ఎవరూ మోయకుండా తనే వచ్చాడు. వీధంతా అలాంటి ఇళ్ళే. కిటికీల వెనక ముసలివాళ్ళు. దారి ఎటు చూసినా పైకే. కుర్చీ చక్రాలు ఒంటిచేత్తో ఆ ఎత్తు ఎక్కలేవు.

"యాడికీ పోయేది లేదులేన్నా," అన్నాడు. "ఈడిదాకా వస్తా, మళ్ళా లోపలికి పోతా."

అతని ఒళ్ళో ఆ వారం పత్రిక ఉంది. ఆమె ఊళ్ళోకి వెళ్ళినప్పుడల్లా తెచ్చిస్తోందట. బస్టాపుకు దగ్గరగా ఉన్న ఇళ్ళకు పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉన్నాయి.

"ఇల్లు వచ్చేసింది కదయ్యా. ఇప్పుడు నీకు బిడ్ పెట్టే అర్హత లేదు," అన్నాను.

"తెలుసులేన్నా," అన్నాడు. పేజీ తిప్పి, వేలితో ఒక ఫోటో చూపించాడు. "ఇది సూడు. తలుపు నేరుగా రోడ్డుమీదికే ఉండాది."

వాన మొదలైంది. లోపల్నుంచి ఆమె పిలిచింది. పత్రిక తడవకుండా చొక్కా లోపలికి దోపుకుని, అతను కుర్చీ తిప్పుకున్నాడు.